అప్‌డేటులును నిర్వాహకుల స్వాతంత్ర్యమును

వెబ్‌సైటు నడుపువానికి తన సాఫ్ట్‌వేర్ విషయమున నిర్ణయము చేసికొను నధికారము కలదని చెప్పి, అతడు చేసికొన్న నిర్ణయమును అతని నడుగకుండ త్రోసివేయుట న్యాయమా? మేలు కొఱకే చేసితిమన్నచో నా మాట చాలునా? ఈ ప్రశ్నలు సాంకేతిక నిపుణులు తమలో తాము తర్కించుకొనవలసినవని మన చదువరులలో చాలమంది తలంతురు. అట్లు తలచుట సరికాదు. నేడు గ్రంథాలయ కార్యదర్శి, పాఠశాలోపాధ్యాయిని, చిన్న పత్రిక నడుపు సంపాదకుడు, ఇంట గూర్చుండి పచ్చళ్లమ్ము గృహిణి, వీరందఱును వెబ్‌సైటు నిర్వాహకులే. త్రోసివేయబడునది వీరి నిర్ణయమే.

విషయము నొక ప్రత్యేకోదాహరణముతో విమర్శింతము. 2003లో బయలుదేరిన వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేర్ ఉచితముగా లభించును. లోకమందలి వెబ్‌సైటులలో నూటికి 40కి మించినవి దానిపై నడచుచున్నవి. ఇది కట్టియిచ్చిన యిల్లు వంటిది. ఇంటికి దీపములు, గొళ్లెములు, పందిళ్లు ఎవరి యవసరమును బట్టి వారమర్చుకొనునట్లు, దీనికి ప్లగిన్లు అను నుపకరణములను తగిలించుకొందురు. వాటిని వ్రాయువారు వేర్వేఱు వ్యక్తులు, వేర్వేఱు కంపెనీలు. కాని వాటిలో మిక్కిలి భాగము వర్డ్‌ప్రెస్.ఆర్గ్ అను నొక్క భాండాగారము నుండియే వచ్చి చేరును. ఏ సాఫ్ట్‌వేర్‌నందైనను దోషములుండక మానవు. దోషము బయటపడినప్పుడు దానిని దిద్ది క్రొత్త ప్రతిని పంపుటయే అప్‌డేటు. పూర్వము నిర్వాహకుడు స్వయముగా మీట నొక్కినగాని యది జరుగకుండెను. 2013 అక్టోబరులో వెలువడిన 3.7 ప్రతితో స్వయంచాలక పద్ధతి వచ్చెను. నాటినుండి వర్డ్‌ప్రెస్‌నకు సంబంధించిన చిన్న దిద్దుబాట్లును, భద్రతకై చేయు దిద్దుబాట్లును నిర్వాహకుడు నిదురించుచున్నను వచ్చి చేరుచున్నవి. ప్లగిన్లకు మాత్రము తెరమీద నట్టి యేర్పాటు 2020 ఆగస్టులో 5.5 ప్రతి వెలువడిన తరువాతనే కనబడెను. అందు ప్రతి ప్లగిన్ ప్రక్కను, అది తనంత తాను అప్‌డేటు కావలెనా వలదా యని కోరుకొనుటకొక మీటను పెట్టిరి. నిర్వాహకుడు కోరనిచో స్వయంచాలకముగా నేదియు జరుగదని దాని యర్థము. అందఱును అట్లే యర్థము చేసికొనిరి.

ఆ మీటను తెఱవనివారందఱును సోమరులని తలపరాదు. దుకాణము నడుపు వెబ్‌సైటునందు ఇరువది ప్లగిన్లుండును. ఒకటి మాఱినచో వేఱొకటి దానితో పొసగక, సొమ్ము చెల్లించు పుట తెఱచుకొనకుండ నిలిచిపోవచ్చును. ఎఱిగిన నిర్వాహకుడు క్రొత్తప్రతిని ముందుగా నొక నకలు వెబ్‌సైటున పరీక్షించి, అమ్మకములు తక్కువగానుండు వేళ చూచి, పాత ప్రతిని భద్రపఱచి, ఆపైన అసలు దానిలో నమర్చును. ఇది జాగ్రత్త. వలదని చెప్పుట కూడ నొక భద్రతా నిర్ణయమేయని గుర్తింపనివారు, తమకన్న యెఱిగినవారు లేరను భ్రమలో పడుదురు.

ఇక జరిగిన సంగతి. లాగినైజర్ అను ప్లగిన్ పని ద్వారపాలకుని పని. సంకేతపదమును ఊహించి లోనికి చొరబడ యత్నించు దొంగలను కనిపెట్టి నిలుపుట దాని ధర్మము. పదిలక్షలకు మించిన వెబ్‌సైటులు దానిని నమ్ముకొనియుండెను. 2020 అక్టోబరులో దానియందే ఘోరమైన దోషము బయటపడెను. లోనికి రాజూచి విఫలుడైనవాడు చెప్పిన పేరును ఈ ద్వారపాలకుడు తన చిట్టాలో వ్రాసికొనును. అది నిజముగా పేరేనా, పేరు వేషము వేసికొన్న ఆజ్ఞయా యని తగినట్లు పరీక్షింపకయే వ్రాసికొనుచుండెను. ఆజ్ఞ యైనచో దానిని చిట్టాయే నెఱవేర్చును. దొంగ తన పేరు చెప్పినంతనే భాండారము తాళపుచెవులు వాని చేతికి వచ్చుట యన్నమాట.

అప్పుడు వర్డ్‌ప్రెస్ భద్రతాసంఘమువారు 1.6.4 అను దిద్దిన ప్రతిని, మీట తెఱవని వెబ్‌సైటులలోనికి సైతము పంపి చేర్చిరి. నిర్వాహకులలో కొందఱు తాము కోరని పని యెట్లు జరిగెనని యడిగిరి. ఈ శక్తి 3.7 ప్రతినుండియు తమకు కలదనియు, పూర్వమును పలుమారులు ప్రయోగించితిమనియు సమాధానము వచ్చెను. ఆ సమాధానము సత్యమే. అయినను అది అడిగిన ప్రశ్నకు సమాధానము కాదు. శక్తి యెప్పటినుండి కలదని వారడుగలేదు. అట్టి శక్తి యుండగా, మా చేతికిచ్చిన మీటమీద నామాట యేల వ్రాయలేదని వారడిగిరి.

ఆ శక్తి పనిచేయు తీరు తెలిసికొన్నగాని విమర్శ సాగదు. ప్రతి వర్డ్‌ప్రెస్ వెబ్‌సైటును దినమునకు రెండుమారులు భాండాగారమునకు కబురంపి, నా ప్లగిన్లకు క్రొత్తప్రతులు వచ్చినవా యని యడుగును. వచ్చు ప్రత్యుత్తరమునందు ఒక చిన్న గుర్తుండవచ్చును. ఆ గుర్తున్నచో ప్లగిన్ అప్‌డేటగును. లేనిచో, అప్పుడు మాత్రమే, నిర్వాహకుని మీట యెటున్నదని సాఫ్ట్‌వేర్ చూచును. అనగా నిర్వాహకుని యభిప్రాయమడుగబడునది రెండవసారి. మొదటి మాట భాండాగారముదే. దీనికి విరుద్ధమైన గుర్తును కలదు. అది వచ్చినచో నిర్వాహకుడు స్వయంచాలకముగా కావలెనన్నను అప్‌డేటు నిలిచిపోవును. ఈ గుర్తులలో నొక్కటియు నిర్వాహకుని తెరమీద కనబడదు.

అయినచో నిజమైన గడియ లేనేలేదా? కలదు. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అను దస్త్రమును తెఱచి, స్వయంచాలకమైన అప్‌డేటులన్నియు రద్దని యొక పంక్తి వ్రాసినచో భాండాగారపు గుర్తునకు బలముండదు. కాని యా పంక్తి ప్లగిన్ల నొక్కదానినే ఆపదు. వర్డ్‌ప్రెస్‌నకు వచ్చు భద్రతా దిద్దుబాట్లను కూడ వాకిటనే ఆపివేయును. దొంగనేగాక వైద్యునిగూడ రానీయని తలుపది. కొన్నింటిని రానిచ్చి కొన్నింటిని మాన్పవలెనన్నచో పీహెచ్‌పీ భాషలో స్వయముగా కోడు వ్రాసికొనవలెను. పచ్చళ్లమ్ము గృహిణి యా పని చేయునా? కనబడు మీటకు పూర్తి బలము లేదు. బలముగల మీట కనబడదు. నా యాక్షేపణకు మూలమిదియే.

ఎదుటిపక్షమువారి వాదము బలహీనమైనది కాదు. దానిని తేలికచేసి చెప్పుట న్యాయము కాదు. 2016 డిసెంబరులో వెలువడిన 4.7 ప్రతిలో నొక దోషముండెను. దానివలన సంకేతపదము లేకయే యెవ్వడైనను ఒకరి వెబ్‌సైటులోని వ్యాసమును తుడిచి తన కూతలు వ్రాయగలడు. 2017 జనవరి 26న దిద్దుబాటు విడుదలయ్యెను. కాని దోషపు సంగతిని ఫిబ్రవరి 1 వఱకు బయటపెట్టక దాచిరి. స్వయంచాలక పద్ధతివలన దిద్దుబాటు లక్షలాది వెబ్‌సైటులకు ముందుగా చేరవలెనని వారి యుద్దేశము. సంగతి బయటపడిన కొలది దినములలోనే, దిద్దుబాటు చేరని వెబ్‌సైటులపై దుండగులు విరుచుకుపడి లక్షలాది పుటలను పాడుచేసిరి. స్వయముగా చేసికొందుమని యూరకున్నవారిలో ననేకులు చేసికొనలేదు. మఱియు నొకని యజాగ్రత్త యొకనితో పోదు. పాడైన వెబ్‌సైటు దానిని చూడవచ్చిన వారికి విషము పంచును, దొంగ యుత్తరములు పంపును, ఇతర వెబ్‌సైటులపై దాడికి పరికరమగును. మశూచి వీథిలోనున్నప్పుడు నా యింట టీకాలు వలదనుట నా సొంత వ్యవహారము కానట్లే, ఇదియు కేవల సొంత వ్యవహారము కాదు.

ఈ మాట నంగీకరించుచున్నాను. అయినను టీకాల దృష్టాంతమును తెచ్చినవారు దానిని తుదివఱకు తీసికొనిపోవలెను. నిర్బంధముగా టీకాలు వేయించిన చోట్ల శాసనము చేసి, ప్రకటించి, ఏ యధికారి యే కారణమున నింట ప్రవేశింపవచ్చునో వ్రాసి మఱి వేయించిరి. 1897లో అంటురోగముల శాసనము పుట్టిన యేట పూనాలో ప్లేగు నివారణకై యిండ్లు సోదాచేసిన పద్ధతి యెంత ద్వేషమునకు కారణమయ్యెనో చరిత్ర చదివినవారెఱుగుదురు. అచ్చట ప్లేగు నిజము, నివారణావశ్యకతయు నిజము. జనులను మండించినది ప్రవేశించిన తీరు. సంస్కరణము కోరువారమైన మనకు ఈ భేదము క్రొత్తది కాదు. మేలైన మార్పును గూడ మెడపట్టి రుద్దినచో, దానిని స్వీకరింపవలసినవాడే దానికి శత్రువగును. అప్‌డేటుల విషయమున నీ శత్రుత్వము ప్రత్యక్షముగా కనబడుచున్నది. ఒకమారు చెప్పకుండ మార్పు జరిగిన నిర్వాహకుడు కోపముతో పైన చెప్పిన దస్త్రము తెఱచి, అన్నిటిని మూయు నా పంక్తిని వ్రాసివేయును. నాటినుండి అతని వెబ్‌సైటునకు మందును లేదు, వైద్యుడును లేడు.

లాగినైజర్ సంగతి యొంటరి సంగతి కాదు. 2022 ఫిబ్రవరిలో అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అను ప్లగిన్‌నకు నిట్లే జరిగెను. అది వెబ్‌సైటు నకళ్లను భద్రపఱచునది. ముప్పదిలక్షలకు మించిన వెబ్‌సైటులలో నుండెను. సామాన్య సభ్యుడుగా లోనికి వచ్చినవాడెవడైనను ఆ నకళ్లను దించుకొనిపోగలుగు దోషము దానియందు కనబడెను. 2024 నవంబరులో రియల్లీ సింపుల్ సెక్యూరిటీ యను ప్లగిన్ వంతు వచ్చెను. నలువదిలక్షలకు మించిన వెబ్‌సైటులు దానిని వాడుచుండెను. ఇందలి విచిత్రము చూడుడు. సంకేతపదముతో పాటు రెండవ ఋజువును కూడ చూపినగాని లోనికి రానీయని కట్టుదిట్టమును ఆ ప్లగిన్ ఇచ్చును. అదనపు జాగ్రత్తకై యా కట్టుదిట్టమును కోరి పెట్టుకొన్నవారి వెబ్‌సైటులే దోషమునకు లోబడెను; పెట్టుకొననివారికి బాధ లేదు. అట్టివేళ నిర్బంధముగా దిద్దుబాటు పంపుట తప్పని నేననజాలను. నేనే యా భద్రతాసంఘమున నుండినచో పంపవలదని చెప్పియుండను.

ఐనను పంపువారును మనుష్యులే. 2018 ఫిబ్రవరి 5న వచ్చిన 4.9.3 ప్రతి తానే స్వయంచాలక పద్ధతిని విఱుగగొట్టెను. మఱునాడు 4.9.4 ప్రతిని విడుదలచేసి, ఈసారి మాత్రము మీరే మీట నొక్కుడని నిర్వాహకులను వేడుకొనవలసివచ్చెను. ఎవరి చేతి నక్కఱలేదనిరో యా చేతులే యానాడు కావలసివచ్చెను. 2020 అక్టోబరు 30న మఱియొక పొరపాటు జరిగెను. క్రొత్త వెబ్‌సైటులలో సరిగా నమరని 5.5.2 ప్రతిని నిలుపబోవగా, భాండాగారము దాని బదులు ఇంకను పరీక్షలలోనున్న 5.5.3 ఆల్ఫా ప్రతిని కొన్ని వెబ్‌సైటులకు పంపివేసెను. దానివెంట నిర్వాహకులు కోరని రూపకల్పనలును, అకిస్మెట్ అను ప్లగిన్‌ను వచ్చి కూర్చుండెను. ఆ దినముననే సరిదిద్దిరి, సంగతిని ప్రకటించిరి. వారి నిజాయితీ మెచ్చదగినది. కాని వాకిలి యొకరి చేతిలోనున్నప్పుడు వారి చేయి వణకినను ఊరంతయు వణకునని యా దినము తెలిసెను.

చేయి వణకుట యొక సంగతి. చేయికి స్వప్రయోజనము కలుగుట వేఱొక సంగతి. 2024లో నదియు చూచితిమి. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ అను ప్లగిన్ ఇరువదిలక్షలకు మించిన వెబ్‌సైటులలో నుండెను; అది డబ్ల్యూపీ ఇంజిన్ అను కంపెనీ సొత్తు. భాండాగారమును స్వాధీనమునందుంచుకొన్న మాట్ మల్లెన్‌వెగ్ గారు ఆటోమాటిక్ అను నింకొక కంపెనీకి అధిపతి. ఈ రెండు కంపెనీలును వ్యాపారమున ప్రత్యర్థులు. ఆ యేడు వారి కలహము న్యాయస్థానమునకెక్కెను. అక్టోబరు 12న భాండాగారమువారు భద్రతా కారణమును చూపి, ఆ ప్లగిన్ ఉండిన స్థానమును తాము గైకొని, సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్ అను క్రొత్త పేరుతో తమ ప్రతిని అందుంచిరి. అప్‌డేటులు తమంత తాము రావలెనని కోరియున్న నిర్వాహకుల వెబ్‌సైటులలో, వారొక్క మాట యననక్కఱ లేకయే, ఒకరు వ్రాసిన ప్లగిన్ పోయి మఱియొకరి ప్లగిన్ వచ్చి నిలిచెను.

ఈ సంగతి ముందటివాటికంటె నెక్కువ ఆలోచింపదగినది. ఇందు నిర్వాహకుడు వలదనలేదు, కావలెననెను. కాని దేనిని కావలెననెను? తాను నమ్మి తెచ్చుకొన్న గ్రంథకర్త దిద్దుబాట్లను మాత్రమే. గ్రంథకర్తయే మాఱుటకు అతడు సమ్మతింపలేదు. రోజును పాలు పోయుమని చెంబు వాకిట నుంచినవారికి, పాలవాని మార్చి వేఱొకడు పాలుపోసి పోయినట్లున్నది. పాలు మంచివే కావచ్చును. డిసెంబరు 10న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానము తాత్కాలికముగా నిషేధాజ్ఞ యిచ్చి, పూర్వస్థితిని పునరుద్ధరింపుమనెను. ప్లగిన్ స్థానము తిరిగి పాతవారి వశమయ్యెను. కంపెనీకి న్యాయస్థానమున మాటాడుటకు న్యాయవాదులుండిరి. ఇరువదిలక్షల నిర్వాహకులను మాత్రము ఆ మార్పునకు ముందు అడిగినవారు లేరు.

ఈ రోగము వర్డ్‌ప్రెస్‌నకే పరిమితమైనది కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా కంపెనీ పంపిన యొక దోషయుక్తమైన దస్త్రమువలన, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము, 85 లక్షల విండోస్ యంత్రములు కూలెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికునికి బోర్డింగు పాసు చేతితో వ్రాసి యిచ్చుట యానాడు వార్తయయ్యెను. క్రొత్తప్రతిని వెంటనే తీసికొనక, ఒకటి రెండు ప్రతులు వెనుకనుండు వెసులుబాటు ఆ కంపెనీ ఖాతాదారులకిచ్చియే యుండెను. జాగరూకులైనవారు దానిని కోరుకొనియు నుండిరి. కాని యా కోరిక ప్రధాన సాఫ్ట్‌వేర్‌నకే వర్తించెను. నిత్యము వచ్చు చిన్న దస్త్రములకు వర్తింపదు. వెనుకనున్నవారును ముందున్నవారితో కలిసియే పడిరి. ఆ దస్త్రములను ఎప్పుడు తీసికొనవలెనో నిర్ణయించు నధికారము నిత్తుమని కంపెనీవారు తరువాత వాగ్దానము చేసిరి. ఇచ్చటను అదే లోపము: మీటమీద వ్రాసినదొకటి, మీట చేయునది వేఱొకటి.

మఱి మర్యాదగల పద్ధతి సాధ్యము కాదా? 1993లో ఆరంభమైన డెబియన్ అను లినక్స్ వితరణమున నది యెన్నాళ్లనుండియో నడచుచున్నది. నిర్వాహకుడు తన చేతితో మార్చుకొన్న విన్యాస దస్త్రములను అప్‌డేటు చెఱుపరాదని వారి నియమావళి విధించును. క్రొత్తప్రతితో క్రొత్త దస్త్రము వచ్చినయెడల, నీది యుంచవలెనా, మాది పెట్టవలెనా, రెంటికిని భేదము చూతువా యని యంత్రము నిలిచి యడుగును. ఏమియు చెప్పక మీట నొక్కినచో నిర్వాహకునిదే నిలుచును. ఈ యడుగుట కొందఱికి విసుగు పుట్టించుననుట నిజము. నడిరేయి పనిచేయువారు దానిని తిట్టుటయు కలదు. ఆ విసుగును మర్యాదకు మనమిచ్చు వెలగా నెన్నుకొనవలెను.

అంతదూర మేల, వర్డ్‌ప్రెస్‌వారికే యీ మర్యాద తెలియును. అపాచీ సర్వరుపై నడచు వెబ్‌సైటులలో హెచ్‌టీ-యాక్సెస్ అను దస్త్రముండును. ఎవరిని రానీయవలెను, ఎవరిని రానీయరాదను నియమములు పలువురు అందు వ్రాసికొందురు. వర్డ్‌ప్రెస్ తన పంక్తులను ఆ దస్త్రమున రెండు గీటుల నడుమ వ్రాసికొని, ఈ నడుమ మీరు వ్రాసినది తుడిచివేయబడునని యచ్చటనే చెప్పియుంచెను. గీటుల వెలుపల వ్రాసినదానిని ముట్టదు. తెలియక నడుమ వ్రాసినవాని నియమములు పోవుట కలదు. కాని వానికి చెప్పలేదనుటకు వీలులేదు. అచ్చట గీచిన గీటును ప్లగిన్ల మీటవద్ద నేల గీయలేదు?

అందుచేత మనము కోరవలసినది పెద్దపని కాదు. నిర్బంధపు దిద్దుబాటు పంపు శక్తిని మానుమని నేను కోరను. ఆ శక్తిని ప్రయోగించిన ప్రతిసారియు, ఏ ప్లగిన్‌నకు, ఏ దోషమునకు, ఎవరి నిర్ణయమున ప్రయోగించిరో అందఱు చూడదగిన పట్టికలో నాటికి నాడే వ్రాయవలెను. దోషపు వివరములను దొంగల భయమున కొన్నాళ్లు దాచినను, ప్రయోగించిన సంగతిని దాచనక్కఱలేదు. ప్లగిన్ అప్‌డేటయ్యెనని నిర్వాహకునకొక యుత్తరము నేడును పోవుచున్నది. కాని అతడు కోరగా జరిగినదో, కోరకయే జరిగినదో యా యుత్తరము చెప్పదు. చెప్పవలెను. గ్రంథకర్త మాఱినచో అప్‌డేటు ఆగి, క్రొత్తగా సమ్మతి యడుగవలెను. వ్యాపారమున ఒక పక్షముగా నున్నవాడు ఎదుటి పక్షపు ప్లగిన్‌పై నీ శక్తిని గాని, భాండాగారపు పెత్తనమును గాని ఒంటరిగా ప్రయోగింపరాదు.

వీటన్నిటికంటె ముందు, ఒక్క దినములో చేయదగినది మీటక్రింది మాట. ఆ మీటను మూసియున్న నిర్వాహకునకు, తీవ్రమైన భద్రతా దోషము కనబడినప్పుడు మీరు వలదన్నను ఈ ప్లగిన్ మార్పబడవచ్చుననియు, దానిని గూడ మాన్పవలెనన్నచో ఈ దస్త్రమున ఈ పంక్తి వ్రాసికొనవలెననియు, అట్లు వ్రాసినచో వర్డ్‌ప్రెస్ దిద్దుబాట్లును ఆగుననియు అచ్చట రెండు వాక్యములు వ్రాసియుంచిన చాలును. తెలుగులోను వ్రాయవచ్చును, వర్డ్‌ప్రెస్ తెరలను తెలుగు చేయు స్వచ్ఛందులు కలరు, ఆ రెండు వాక్యములు వారికి గడియసేపటి పని.